మనం కొట్టని జింక సంగతి: ఎర వేసి వేటాడటంలో తప్పొప్పులు

(కొత్తగా వేట లైసెన్సు తీసుకుంటున్నవారి కోసం ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక హద్దు గీసుకుందాం. ఇవాళ మాట్లాడుకునేది అమెరికాలో తెల్లతోక జింక వేట గురించి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను కొట్టడమే నేరం, అక్కడ ఎర వెయ్యొచ్చా వెయ్యకూడదా అన్న ప్రశ్నే రాదు. ఇక్కడ వస్తుంది. మీరు లైసెన్సు చేతికి తీసుకున్న రోజు నుంచీ వస్తుంది. కొట్టుకి వెళ్తే "డీర్ కార్న్" అని రాసున్న యాభై పౌండ్ల మొక్కజొన్న బస్తాలు గుమ్మం దగ్గరే పేర్చి ఉంటాయి. కొనాలా, వద్దా?

ఎర అంటే ఏమిటో చెప్పుకుందాం. గింజ మొక్కజొన్న, ఆపిల్ పళ్ళు, క్యారెట్లు, షుగర్ బీట్ దుంపలు, ఉప్పు దిమ్మలు, ఖనిజాల పొడులు. జింక రావాలని మనం తీసుకెళ్ళి పడేసేది ఏదైనా ఎరే. మరి జింకల కోసమే క్లోవరో టర్నిప్పో విత్తి పెంచిన మడి? చాలా రాష్ట్రాల్లో చట్టం దాన్ని ఎర కింద లెక్కకట్టదు. పంట మట్టిలో మొలిచింది, మీరు మోసుకొచ్చి పొయ్యలేదు కదా అంటుంది. ఆ తేడా నిలుస్తుందా లేదా అన్నది కాసేపాగి చూద్దాం.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. బాతుల్లాంటి వలస పక్షులను ఎర మీద కొట్టడాన్ని కేంద్ర ప్రభుత్వం 1935 లోనే నిషేధించింది. ఎర పూర్తిగా తీసేశాక కూడా పది రోజుల వరకూ ఆ చోటు ఎర వేసిన చోటు కిందే లెక్క. జింకల విషయం మాత్రం రాష్ట్రాలకు వదిలేశారు. అందుకే రాష్ట్రానికో రకం. టెక్సస్‌లో సొంత భూమిలో ఎర వేసి కొట్టడం మామూలు విషయం. పెన్సిల్వేనియాలో మామూలుగా కుదరదు, ఎర తీసేసిన ముప్పై రోజుల దాకా అక్కడ వేటాడకూడదు. మిషిగన్‌లో ఒకే రాష్ట్రంలో రెండు రకాలు. దిగువ ద్వీపకల్పంలో 2019 జనవరి 31 నుంచి నిషేధం, ఎగువ ద్వీపకల్పంలో రెండు గ్యాలన్ల వరకూ అనుమతి. ఈ నియమాలు ఏటా మారుతుంటాయి, జిల్లాను బట్టి కూడా మారతాయి. కాబట్టి నా మాట నమ్మొద్దు, మీ రాష్ట్రం ఈ ఏడాది వేసిన నియమాల పుస్తకం చదవండి. నిరుటిది కాదు, ఈ ఏటిది.

సరే. చట్టం ఒప్పుకున్న చోట మన మనసు కూడా ఒప్పుకోవాలా? అసలు మాట ఇక్కడ మొదలవుతుంది.

మామూలుగా ఈ వాదన ఎలా నడుస్తుంది? ఒకాయన లేచి "అది వేట కాదండీ, మోసం" అంటాడు. ఆకలితో తలవంచుకుని తింటున్న జంతువును చాటు నుంచి కొట్టడం ఏం వీరత్వం అంటాడు. ఈ ఆలోచన వెనక పెద్ద సంప్రదాయమే ఉంది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887 లో మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు "ఫెయిర్ చేజ్" అన్న మాటను అందరి నోళ్ళలో నానేలా చేసింది. స్వేచ్ఛగా తిరిగే జంతువును చట్టానికి లోబడి, దాని మీద మనకు అన్యాయమైన పైచెయ్యి లేకుండా వేటాడాలి అన్నది దాని సారం.

బాగుంది. కానీ అన్యాయమైన పైచెయ్యి ఎక్కడ మొదలవుతుంది? చెప్పండి. ఇరవై అడుగుల ఎత్తున చెట్టుకు కట్టిన మంచె మీద కూర్చోవడం న్యాయమేనా? జింక పైకి చూడటం తక్కువ, అందుకే కదా అక్కడ కూర్చుంటాం. దూరం కొలిచే లేజరు పరికరం? చెట్టుకు కట్టిన కెమెరా జింక వచ్చిందని మీ ఫోనుకు ఫొటో పంపుతుంది, అది? ఓక్ చెట్టు కింద కాయలు రాలుతున్నాయని తెలిసి అక్కడే కాపు కాస్తాం, దాన్ని నేర్పు అంటాం. అదే చెట్టు కింద బకెట్టు మొక్కజొన్న పోస్తే మోసం అంటాం. జింక వైపు నుంచి చూడండి, దానికి రెండూ తిండే.

నేను ఎరను సమర్థిస్తున్నానని అనుకోకండి. న్యాయాన్యాయాల వాదన ఒక్కదానితోనే ఈ ప్రశ్న తెగదు అంటున్నాను, అంతే. ఎక్కడ గీత గీసినా అవతలివాడు ఇంకో ఉదాహరణ తెస్తాడు. సాయంత్రమంతా వాదించుకుని ఇంటికి పోతాం.

ఎర వైపు మాట్లాడేవాళ్ళ దగ్గర ఇంతకంటే బరువైన వాదన ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. వాళ్ళు ఏమంటారంటే: ఎర దగ్గర జింక నిలబడుతుంది, దూరం ముందే కొలిచి ఉంటుంది, పక్కకు తిరిగేదాకా ఆగే వీలుంటుంది, కాబట్టి దెబ్బ గురి తప్పదు, గాయపడి పారిపోయి ఎక్కడో చచ్చే జింకలు తగ్గుతాయి. మంచి వాదన. తుపాకీ పట్టినవాడి విషయంలో చాలావరకు నిజం కూడా.

విల్లు పట్టినవాడి విషయంలో? ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. ముప్పై గజాలంటే తొంభై అడుగులు. కాంపౌండ్ విల్లు (కప్పీలుండే ఆధునిక విల్లు) నుంచి బాణం సెకనుకు సుమారు 280 అడుగులు పోతుందనుకోండి. తొంభై అడుగులు పోవడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. తాడు చప్పుడు సెకనుకు 1,100 అడుగుల వేగంతో వెళ్తుంది, జింక చెవికి చేరడానికి సెకనులో పన్నెండో వంతు చాలు. అంటే చప్పుడు విన్నాక బాణం చేరేలోపు జింకకు పావు సెకను దొరుకుతుంది. ఆ పావు సెకనులో అదేం చేస్తుంది? దూకాలంటే ముందు కాళ్ళు ముడవాలి, కాళ్ళు ముడిస్తే ఒళ్ళు కిందికి దిగుతుంది. ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి వీపు పైకి పోతుంది. లేదా వెన్నుపూస పైన కండలో దిగబడుతుంది, జింక పారిపోతుంది, రెండు రోజులు వెతికినా దొరకదు.

నింపాదిగా ఉన్న జింక ఇలా తక్కువగా దిగుతుంది, బెదురుమీదున్నది ఎక్కువగా దిగుతుంది. మరి ఎర కుప్ప దగ్గర జింక నింపాదిగా ఉంటుందా? వేట ఒత్తిడి ఉన్న చోట ఉండదు. చూసినవాళ్ళకు తెలుసు. రెండు గింజలు కొరుకుతుంది, తల ఎత్తుతుంది, చెవులు తిప్పుతుంది, తల దించినట్టే దించి చటుక్కున మళ్ళీ ఎత్తుతుంది. పెద్ద ఆడ జింక వస్తే చిన్నవి పక్కకు తప్పుకుంటాయి, ముందుకాళ్ళతో తన్నుకుంటాయి. ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. బాణం గానీ గుండు గానీ మొదటిదాన్ని దాటుకుని రెండోదానికి తగులుతుంది. ఒక్క ట్యాగు, అంటే ఒక్క జింకను కొట్టడానికిచ్చిన అనుమతి చీటీ, చేతిలో పెట్టుకుని రెండు జింకలను గాయపరిచినవాడి పరిస్థితి ఏమిటి?

కాబట్టి ఎర పెడితే దెబ్బ దానంతటదే శుభ్రంగా పడదు. ముందుకాలు ముందుకు చాచి ఉండాలి, జింక పూర్తిగా పక్కకో కాస్త అవతలికో తిరిగి ఉండాలి, వెనక ఇంకోటి ఉండకూడదు, గురి ఛాతీలో కింది నుంచి మూడో వంతు ఎత్తున ఉండాలి. విల్లయితే ఇరవై గజాల లోపు. ఇవన్నీ కుదిరేదాకా ఆగగలిగినవాడు ఎర లేకపోయినా ఆగుతాడు.

ఇంకో సంగతి. ఎర అసలు పనిచేస్తుందా? నవ్వకండి, ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్న. జింక నాలుగు రోజుల్లో నేర్చేసుకుంటుంది. తిండి ఎక్కడికీ పోదు, పగలు వెళ్తే మనిషి వాసన, రాత్రి వెళ్తే భయం లేదు. అంతే, చీకటి పడ్డాకే వస్తుంది. పగలు ఓక్ కాయల కోసమో చిగుళ్ళ కోసమో తిరగాల్సిన జింక కడుపు నింపుకుని పొదలో పడుకుంటుంది. దక్షిణ కరోలినాలో చాలా ఏళ్ళ పాటు తీరప్రాంతంలో ఎర చట్టబద్ధం, తీరానికి దూరంగా ఉన్న ఎగువ జిల్లాల్లో నిషేధం. అక్కడి వన్యప్రాణి శాఖ జీవశాస్త్రవేత్తలు రెండు ప్రాంతాలనూ పోల్చి చూశారు. చదరపు మైలుకు కొట్టిన జింకల లెక్కలో ఎర లేని ప్రాంతమే ముందుంది.

అయినా ఎందుకు పోస్తారు? పక్కవాడు పోస్తాడు కాబట్టి. ఆయన భూమిలో రెండు బస్తాలుంటే మీ భూమి మీద తిరిగే జింకలు అటు పోతాయి. మీరు మూడు బస్తాలు పోస్తారు. ఆయన నాలుగు. చివరికి రోడ్డు పొడవునా అందరూ పోస్తారు, ఎవరికీ ఒక్క జింక ఎక్కువ రాదు, బస్తాల ఖర్చు మాత్రం అందరికీ మిగులుతుంది. ఇది విడివిడిగా మానడం కష్టమైన అలవాటు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతసేపూ ఎవరి గురించి మాట్లాడాం? మనం కొట్టే జింక గురించి. దానికి అన్యాయం జరిగిందా, బాధ లేకుండా పోయిందా అని. కానీ ఎర కుప్ప దగ్గరికి వచ్చేది అదొక్కటేనా? సీజన్ మొత్తంలో మీరు కొట్టేది ఒకటో రెండో. ఆ కుప్పలో మూతి పెట్టేవి ఎన్నో. నా ఉద్దేశంలో ఎర తప్పా ఒప్పా అన్నది ఆ మిగిలిన వాటి దగ్గర తేలాలి. మనం కొట్టని జింకకు మనం ఏం చేస్తున్నాం?

మొదట కడుపు సంగతి. జింక నెమరువేసే జంతువు. రూమెన్ అనే దాని మొదటి అరలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి, తిండిని అరిగించేది అవే. చలికాలంలో జింక తినేది కొమ్మల చివళ్ళు, ఎండు మొగ్గలు. ఆ పీచును అరిగించే సూక్ష్మజీవులే అప్పుడు ఎక్కువగా ఉంటాయి. కొత్త తిండికి ఈ జనాభా మారడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అలాంటి జింక ముందు జనవరిలో హఠాత్తుగా మొక్కజొన్న కుప్ప పోశారనుకోండి. అది కడుపునిండా తింటుంది. పిండిపదార్థాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతుంది. మామూలుగా ఆరు దాటి ఉండే పీహెచ్ ఐదు కిందికి పడిపోతుంది, అంటే కడుపులో పులుపు బాగా పెరిగిపోతుంది. పీచును అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. రక్తంలోని నీటిని కడుపు లాగేసుకుంటుంది. జింక తూలుతుంది, పడిపోతుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో చనిపోతుంది. కోసి చూస్తే కడుపు నిండా మొక్కజొన్న ఉంటుంది. చూడటానికి పుష్టిగానే ఉంటుంది, ఆకలితో చచ్చిందనిపించదు. బతికి బయటపడ్డవాటిలో కొన్నిటికి కాలేయంలో చీముగడ్డలు, గిట్టలు వంకర తిరగడం మిగులుతాయి. పాపం చలికి తిండి దొరకదని జాలిపడి పోసేవాళ్ళు చేసే హాని ఇది. వేటగాడే కానక్కర్లేదు.

రెండోది బూజు. తడిసిన మొక్కజొన్నకు వెచ్చదనం తోడైతే ఆస్పర్‌గిల్లస్ అనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ తయారవుతుంది. జింక కొంతవరకు తట్టుకుంటుంది. అదే కుప్ప దగ్గర గింజలేరుకునే టర్కీ కోళ్ళూ క్వెయిల్ పిట్టలూ తట్టుకోలేవు. ఎర వేసేవాళ్ళు బస్తా మీద అఫ్లాటాక్సిన్ బిలియన్‌కు 20 భాగాలు మించలేదని రాసుందో లేదో చూడాలి. రాయకపోతే కొనొద్దు. పశువులకు పెట్టడానికి పనికిరాదని తేలిన సరుకు అడవి జంతువుల పేరు మీద అమ్ముడుపోయే ప్రమాదం ఉంది కాబట్టి చెప్తున్నాను.

మూడోది రోగం. అన్నిటికంటే బరువైనది ఇదే, కాస్త ఓపిక పట్టండి.

జింకలు మామూలుగా తింటే ఎలా తింటాయి? ఇక్కడో చిగురు, అక్కడో మొగ్గ, నడుస్తూ తింటాయి. ఒకటి కొరికిన చోటే ఇంకోటి మూతి పెట్టడం తక్కువ. ఎర కుప్ప అంటే ఏమిటి? ఎంగిలి కుప్ప. ఒకే చోట, రోజూ, ఇరవై మూతులు. లాలాజలం, ముక్కు కారినది, మూత్రం, పెంటికలు, అన్నీ అక్కడే.

మిషిగన్ ఈశాన్య జిల్లాల్లో ఏం జరిగిందో చూడండి. అక్కడ ట్రక్కులకొద్దీ క్యారెట్లు, బీట్ దుంపలు పోసేవారు. 1994 లో అల్పీనా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వేటగాడు కొట్టిన జింకలో పశువుల క్షయ బయటపడింది. వెతికితే ఇంకా దొరికాయి. అది పశువుల మందలకూ పాకింది. 2000 లో రాష్ట్రం పశుక్షయ లేని రాష్ట్రమన్న హోదాను పోగొట్టుకుంది. చలిలో ఆ బ్యాక్టీరియా దుంపల మీద వారాల తరబడి బతుకుతుంది. పాలిచ్చే ఆవులున్న రైతు వైపు నుంచి ఆలోచించండి, వేటగాడి సరదాకు మూల్యం ఎవరు కట్టారు?

ఇక క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, జింకల మెదడును పాడుచేసే రోగం. సీడబ్ల్యూడీ అంటారు. 1967 లో కొలరాడోలో బందీగా ఉంచిన మ్యూల్ జింకల్లో (అది ఇంకో జాతి జింక) మొదట గమనించారు, 2002 లో విస్కాన్సిన్‌లో బయటపడింది, ఇప్పుడు ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. ఇది బ్యాక్టీరియా కాదు, వైరసూ కాదు. ప్రియాన్ అని, వంకర తిరిగిన ప్రోటీను. వండితే చావదు. మట్టిలో, ముఖ్యంగా బంకమట్టి రేణువులకు అతుక్కుని, సంవత్సరాల తరబడి అలాగే ఉంటుంది. రోగం సోకిన జింక ఏడాదిన్నర, రెండేళ్ళు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది, అయినా లాలాజలంలో, మూత్రంలో ప్రియాన్లు వదులుతూనే ఉంటుంది. మందు లేదు, టీకా లేదు, సోకితే చావే. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు. అయినా రోగమున్న జింక మాంసం తినొద్దనే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది.

ఇప్పుడు చెప్పండి, ఎర తీసేస్తే సరిపోతుందా? మొక్కజొన్న వారంలో అయిపోతుంది. మట్టి అక్కడే ఉంటుంది. ఉప్పు దిమ్మ ఇంకా అన్యాయం, కరిగి మట్టిలోకి ఇంకుతుంది, దిమ్మ అయిపోయాక కూడా జింకలు ఏళ్ళ తరబడి ఆ గుంటను తవ్వి నాకుతాయి. విస్కాన్సిన్‌లో అలాంటి ఖనిజపు గుంటల మట్టిలోనూ నీళ్ళలోనూ ప్రియాన్లు దొరికాయి. అందుకే నేను మొక్కజొన్న విషయంలో కొంత సడలిస్తానేమో గానీ, ఉప్పు దిమ్మ విషయంలో సడలించను.

ఇందాక వాయిదా వేసిన మడి సంగతి కూడా ఇక్కడే తెగుతుంది. అరెకరం క్లోవర్ మడిలో జింకలు విడివిడిగా మేస్తాయి, ప్రతి కొరుకుడూ కొత్త ఆకు. రోగం అసలు అంటదని చెప్పను, కానీ కుప్పంత కాదు. న్యాయం దృష్టిలో రెండూ ఒకటే కావచ్చు. కొట్టని జింక దృష్టిలో ఒకటి కాదు.

మీలో ఒకరు కాగితం మీద రాసి పంపారు: "ఊళ్ళలో జింకలను తగ్గించడానికి ప్రభుత్వం పెట్టే షూటర్లు ఎర వేస్తారు కదా, వాళ్ళకు లేని తప్పు మాకెందుకు?" వేస్తారు, నిజమే. వాళ్ళ పని వేరు. వాళ్ళు జింకలకు అవకాశం ఇవ్వడానికి రాలేదు, తక్కువ రోజుల్లో ఎక్కువ జింకలను ఇళ్ళ మధ్య ప్రమాదం లేకుండా తగ్గించడానికి వచ్చారు. ఎరకు వచ్చిన వాటిలో ఎక్కువ భాగాన్ని అక్కడే తీసేస్తారు, ఆ తర్వాత ఎర ఆపేస్తారు. మీరు కుప్పకు ఇరవై జింకలను పిలిచి ఒకదాన్ని కొట్టి పందొమ్మిదింటిని ఇంటికి పంపిస్తారు. తేడా అక్కడుంది.

ఇంత చెప్పాక కూడా చట్టం ఒప్పుకున్న చోట కొందరు వేస్తారు. వేసేవాళ్ళతో పోట్లాడి లాభం లేదు, హాని తగ్గించుకోమని చెప్తాను. మీ కౌంటీలోగానీ పక్క కౌంటీలోగానీ సీడబ్ల్యూడీ ఉందా? ఉంటే చట్టం ఏమన్నా మానెయ్యండి. లేకపోతే, ఒక చోట రెండు గ్యాలన్లు మించొద్దు, అంటే దాదాపు ఆరు కిలోలు. కుప్ప పొయ్యొద్దు, కనీసం పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున చల్లండి. అది తినేశాకే మళ్ళీ చల్లండి, చోటు మారుస్తూ ఉండండి. తొట్టి వద్దే వద్దు, ప్రతి మూతీ ఒకే రేకును తాకుతుంది. 55 గ్యాలన్ల డ్రమ్ము కింద టైమరు, తిరిగే పళ్ళెం ఉండే ఫీడరయితే గింజను దూరంగా విసురుతుంది, తొట్టి కంటే నయం. కానీ దాన్ని ఏడాది పొడవునా ఒకే చోట నిలబెడితే కింద మట్టి ఎంగిలి మట్టే. టైమరు కొద్ది సెకన్లకే పెట్టండి. వాన కురిస్తే మిగిలిన గింజ ఎత్తేయండి. సీజన్ అయిపోగానే ఆపండి, గడ్డకట్టే చలిలో కొత్తగా మొదలుపెట్టొద్దు. అడవిపందులున్న ప్రాంతమైతే అసలు మొదలే పెట్టకండి, జింకల కంటే ముందు అవి వస్తాయి, ఇక పోవు.

కొట్టిన జింక తలను సీడబ్ల్యూడీ పరీక్షకు ఇవ్వండి. గొంతు వెనక ఉండే లింఫు గ్రంథులు చూస్తారు. ఫలితం వచ్చేదాకా మాంసం విడిగా గుర్తు పెట్టి ఫ్రీజరులో ఉంచండి. ఎముకలు, వెన్ను భాగం కొట్టిన ప్రాంతం దాటించకండి, చాలా రాష్ట్రాల్లో అది నేరం కూడా.

ఎర లేకుండా ఎలా అంటారా? అక్టోబరులో తెల్ల ఓక్ ఏ చెట్టు కాయలు రాలుస్తోందో కనిపెట్టండి. ఎర్ర ఓక్ కాయల కంటే దాని కాయల్లో వగరు తక్కువ, జింకలు ముందు వాటికే వెళ్తాయి. పడుకునే పొదకూ ఆ చెట్టుకూ మధ్య దారి చూసి, గాలి మీ మొహానికి కొట్టేలా, దారికి పద్దెనిమిది ఇరవై గజాల పక్కగా మంచె కట్టండి. గాలి తిరిగిన రోజు ఆ మంచె ఎక్కకండి. నడిచే జింకను నోటితో చిన్నగా చప్పుడు చేసి ఆపొచ్చు, ఆగిన క్షణం బాణం వదలండి.

ఆఖరి ప్రశ్న. "పక్కాయన ఎర వేశాడు, నేను వెయ్యలేదు, మా గట్టు దగ్గర జింకలు అటు పోయే దారి మీద కూర్చోవచ్చా?" కొన్ని రాష్ట్రాల్లో ఎర ఎవరు వేశారన్నది చూడరు, దాని ప్రభావం ఉన్న చోట కూర్చుంటే మీ మీదే కేసు. ఎంత దూరం అన్నది రాష్ట్రానికో లెక్క. సీజన్ మొదలవ్వకముందే గేమ్ వార్డెన్‌కు, అంటే వేట చట్టాలు అమలుచేసే అధికారికి, ఫోన్ చెయ్యండి, మ్యాపులో చోటు చూపించండి, ఆయన చెప్పింది రాసిపెట్టుకోండి. వార్డెన్ పర్వాలేదన్నా, నన్నడిగితే ఆ గట్టు దగ్గర కూర్చోవద్దంటాను. ముందు పక్కాయన దగ్గరికి వెళ్ళి మాట్లాడండి. ఇద్దరూ ఒకేసారి మానడం, ఒక్కరే మానడం కంటే తేలిక.